మూడో వాచకం తరువాత ఏ పుస్తకం?

“అక్కా, మూడో వాచకం అయిపోయింది. ఇగ ఏం చదువాలె?”

రాత్రి బడిలో ఈ మాట చాలామంది అడిగారు. 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. 1990ల్లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో ఆడవాళ్లు పలకా బలపం పట్టారు. పగలు నాట్లు, కలుపు, బీడీలు. రాత్రి లాంతరు కింద చదువు. మూడు వాచకాలు చదివితే చదువు వచ్చినట్టే అన్నారు. వచ్చింది నిజమే. కాని ఆరు నెలలు ఏమీ చదవకపోతే వచ్చిన అక్షరం మళ్లీ పోతుంది. ముందు ఒత్తులు మరిచిపోతారు. తరువాత గుణింతాలు. చివరికి సంతకం ఒక్కటే మిగులుతుంది.

అందుకే నాలుగో పుస్తకం ముఖ్యం. దాన్ని ఎవరు ఎంచాలి? కొన్ని ఇండ్లల్లో కొడుకు తెచ్చిస్తాడు. కొన్ని ఊళ్లల్లో సారు తెచ్చిస్తాడు. వాళ్లు తెచ్చింది మంచి పుస్తకమే కావచ్చు. అయినా చదివేది ఆమె. ఎంచేది కూడా ఆమే అయితే ఆ పుస్తకం సగంలో ఆగదు.

ఏం పని పడింది?

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఎంతోమంది ఆడవాళ్లు బీడీలు చేస్తారు. ఎన్ని బీడీలు ఇచ్చారో, ఎంత కూలి రావాలో పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ లెక్క చదవడం వచ్చినామెకు తరువాత ఏం కావాలి? బీడీ కార్మికుల కోసం 1966లో ఒక చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. వీటి గురించి చిన్న పుస్తకం దొరికితే ఆమె దాన్ని వదలదు. అందులో ఆమె కూలి ఉంది, ఆమె కార్డు ఉంది.

ఇంకొకామె పెనిమిటి దుబాయి పోయాడు. ఆ రోజుల్లో జాబు వస్తే పక్కింటి పిల్లగానితో చదివించుకునేది. ఆలుమగల మాట ఊరందరికీ తెలిసేది. అటువంటి ఆమెకు మొదటి పుస్తకం ఆ జాబే. జాబు చదవడం వచ్చాక జాబు రాయడం నేర్పే పుస్తకం అడిగితే ఆశ్చర్యం లేదు. ఇప్పుడు జాబులు పోయాయి, ఫోన్లు వచ్చాయి. ఫోన్‌లో వచ్చిన మాటను కూడా ఎవరో ఒకరు చదివి చెప్పాలంటే సంగతి పాతదే.

నెల్లూరు జిల్లాలో ఏం జరిగిందో చాలామందికి తెలుసు. అక్కడి చదువు పుస్తకంలో సారా గురించి ఒక పాఠం ఉంది. దూబగుంట ఆడవాళ్లు అది చదివారు. అది తమ ఇంటి కథే అనుకున్నారు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా అమ్మకం బంద్ అయింది. ఆ పాఠం ఏమీ పెద్దది కాదు. చదివినవాళ్ల బతుకు అందులో ఉంది, అంతే.

ఎంత లావు పుస్తకం?

ఇది లెక్కతో తెలుస్తుంది. చదువు వచ్చినట్టు అనుకోవాలంటే పైకి చదివేటప్పుడు నిమిషానికి 30 మాటలు చదవాలని మిషన్ వాళ్లు పెట్టుకున్నారు. అట్లా రోజుకు అరగంట చదివితే 900 మాటలు. ఒక చిన్న పుస్తకంలో 24 పేజీలు ఉన్నాయి, పేజీకి 75 మాటలు ఉన్నాయి అనుకుందాం. మొత్తం 1,800 మాటలు. రెండు రోజుల్లో అయిపోతుంది. 300 పేజీల నవల అయితే? పేజీకి 250 మాటల చొప్పున 75,000 మాటలు. దానికి 83 రోజులు పడుతుంది. నాట్లు పడ్డప్పుడు మొదలుపెడితే కోతల దాకా అదే పుస్తకం! నవల చదవకూడదని కాదు. ముందు చిన్నవి నాలుగైదు పూర్తి చేస్తే వేగం పెరుగుతుంది. అప్పుడు ఆ 83 రోజులు 50 కావచ్చు.

అయిదు వేళ్ల పరీక్ష

కొన్ని దేశాల్లో బడి పిల్లలకు ఒక ఉపాయం నేర్పుతారు. పుస్తకం నడుమ ఒక పేజీ తెరవాలి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేలోపు అయిదు వేళ్లూ మడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం. ఒక్క వేలూ మడవకపోతే మరీ తేలిక. పెద్దవాళ్లకూ ఇది పనికొస్తుంది. అయితే కథ తెలిసినదైతే ఈ లెక్క పనిచేయదు. ఒగ్గు కథలో మల్లన్న కథ చిన్నప్పటి నుంచి విన్న ఆమెకు ఆ కథ పుస్తకంలో కష్టమైన మాట వచ్చినా ఆగదు. ముందు ఏం వస్తుందో ఆమెకు తెలుసు. విన్న కథను చదవడం తప్పు కాదు. “తెలిసిన కథ మళ్లా ఎందుకు?” అనేవాళ్లను పట్టించుకోనవసరం లేదు.

ఆదిలాబాద్ వైపు సంగతి వేరు. అక్కడ గోండు, కొలాం, లంబాడీ ఇండ్లల్లో తెలుగు ఇంటి భాష కాదు. అయిదు వేళ్లూ ఊరికే మడతపడతాయి. అది చదివే ఆమె లోపం కాదు. ఆమె భాషలో పుస్తకాలు తక్కువ. నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి కంప్యూటర్ అక్షరాల్లో చేరింది. ఇక ఆ భాషలో పుస్తకాలు వేయడం సులువు కావాలి.

ఎక్కడ దొరుకుతాయి?

నిజాం కాలంలో వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలుగు పుస్తకాలు వేశారు. ఇప్పుడు పుస్తకం ఇంటికి రాకపోయినా గ్రంథాలయం ఉంది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడతాం, రూపాయికి 8 పైసలు. అంటే అక్కడ అడుక్కునేది ఏమీ లేదు. గ్రంథాలయ శాస్త్రం రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే అన్నారు, చదివే ప్రతి మనిషికీ తన పుస్తకం దొరకాలని.

పేపర్లు చదివే గదిలో మగవాళ్లు నిండి ఉంటారు. ఒక్కరు పోవాలంటే సిగ్గు. నలుగురు కలిసి పోతే ఆ సిగ్గు ఉండదు. నలుగురు నాలుగు పుస్తకాలు తెచ్చి మార్చుకుంటే నెలకు నాలుగు చదవవచ్చు. “ఇది బాగుంది, నువ్వు చదువు” అని పక్కామె చెప్పిన పుస్తకమే చాలామంది ముందు తీసుకుంటారు. బాగాలేకపోతే నడుమ ఆపి తిరిగి ఇవ్వవచ్చు. అందుకు జుర్మానా లేదు.

మాట్లాడుకోండి: మీ ఊళ్లో గ్రంథాలయం ఎక్కడ ఉంది? ఏ వేళకు తెరుస్తారు? మీరు చివరగా పూర్తిగా చదివిన పుస్తకం ఏది, అది ఎవరు ఎంచారు? పక్కన కూర్చున్న ఆమెకు ఏ పుస్తకం చెబుతారు?