వేదికపై రికార్డు ధ్వనులు: పరికరం ఎంపికలో ఏం చూడాలి?

పెళ్లి పందిట్లో పాటకచేరీ జరుగుతోంది. డోలు, డప్పు, తబలా అన్నీ వినిపిస్తున్నాయి, వాయించేవారు మాత్రం ఒక్కరే. ఆయన ముందున్న ప్యాడ్‌పై స్టిక్‌తో కొట్టగానే, ముందే రికార్డు చేసిన దెబ్బ స్పీకర్లో పలుకుతుంది. ఈ పరికరమే శాంప్లర్. అది తడబడితే పాట మొత్తం తడబడుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1963లో ఇంగ్లండ్‌లో వచ్చిన మెలోట్రాన్‌లో ఒక్కో మీటకు ఒక్కో టేపు ముక్క ఉండేది. మీట నొక్కి ఉంచినా సుమారు 8 సెకన్లకే టేపు అయిపోయేది. ఇప్పుడు టేపు స్థానంలో మెమరీ చిప్ వచ్చింది. సమస్యలూ మారాయి.

ఆలస్యం ఎంత?

డిజిటల్ పరికరం ధ్వని శాంపిళ్లను బఫర్ అనే తాత్కాలిక నిల్వలో పోగుచేసి, గుంపులుగా పంపుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల రేటులో 256 శాంపిళ్ల బఫర్‌కు దాదాపు 5.8 మిల్లీసెకన్లు పడుతుంది. 1,024 శాంపిళ్లయితే 23 మిల్లీసెకన్లు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే మొదటి సందర్భంలో డోలు 2 మీటర్ల దూరంలో మోగినట్టు, రెండోదాంట్లో 8 మీటర్ల అవతల మోగినట్టు ఉంటుంది.

మరి బఫర్‌ను బాగా తగ్గించేస్తే సరిపోదా? అప్పుడు ప్రాసెసర్ అందుకోలేక చిటపట శబ్దాలు వస్తాయి. అనేక పనులు ఒకేసారి చేసే ల్యాప్‌టాప్‌లో ఈ ముప్పు ఎక్కువ, ఈ ఒక్క పనికే తయారైన శాంప్లర్‌లో తక్కువ. బ్లూటూత్ స్పీకర్లలో ఆలస్యం తరచూ 100 మిల్లీసెకన్లు దాటుతుంది. కాబట్టి వేదికపై వైరే మేలు.

శ్రుతి తప్పే ప్రమాదం

44,100 రేటుతో రికార్డు చేసిన ఫైలును, రేటు మార్చకుండా 48,000 రేటుతో వినిపిస్తే అది 8.8 శాతం వేగంగా నడుస్తుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి పోతుంది. గాయకులు ఒక శ్రుతిలో, తంబుర ధ్వని మరో శ్రుతిలో! అందుకే పరికరం ఏ రేటును అంగీకరిస్తుందో ముందే తెలుసుకోవాలి.

ఫైలు రకమూ ముఖ్యమే. ఎంపీ3 ఫైలు మొదట్లో తరచూ చిన్న నిశ్శబ్దం చేరుతుంది, దాంతో దెబ్బ వెనకబడుతుంది. వేవ్ ఫైలులో ఆ ఇబ్బంది లేదు. 16 బిట్ల స్టీరియో వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు తీసుకుంటుంది. పరికరం మెమరీని ఆ లెక్కన చూసుకోవాలి.

కొనేముందు పరీక్ష

కరెంటు పోయి వస్తే పరికరం మళ్లీ సిద్ధం కావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో దుకాణంలోనే ఆపి, పెట్టి చూడండి. తర్వాత ప్యాడ్‌ను, స్పీకర్‌ను పక్కపక్కనే ఉంచి, ఒక దెబ్బ కొట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆడియో ఎడిటింగ్ యాప్‌లో ఆ రికార్డింగ్‌ను పెద్దది చేస్తే రెండు శిఖరాలు కనిపిస్తాయి. ఒకటి స్టిక్ తగిలిన చప్పుడు, రెండోది స్పీకర్ ధ్వని. వాటి మధ్య దూరమే ఆ పరికరం అసలు ఆలస్యం. అది 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే తాళానికి ఢోకా లేనట్టే.