ఎండుకట్టె

పచ్చికట్టె పొగనిచ్చినంతగా వేడినివ్వదని పొయ్యి ఊదిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. మంటలోని వేడి ముందుగా కట్టెలోని నీటిని ఆవిరి చేయడానికే వ్యయమవుతుంది; పొగలోని సూక్ష్మరేణువులు ఊపిరితిత్తులకు చేటు. అందుచేతనే ఇంగ్లండులో చిన్న మొత్తాలలో అమ్మే కట్టెలలో తేమ 20 శాతానికి మించరాదన్న నిబంధన 2021 మే 1 నుండి అమలులోకి వచ్చింది.

చలికాలానికై అక్కడి గృహస్థులు కట్టెలను ఆరబెట్టుకొనే ఉపాయమొకటి గమనింపదగినది. ద్రవాలను రవాణాచేసే 1000 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి చుట్టూ ఇనుప చట్రం ఉంటుంది. పాతబడిన తొట్టిని తొలగించి, ఆ చట్రంలో చీల్చిన కట్టెలను పేరుస్తారు. నలువైపులా గాలి ఆడుతుంది. అడుగునున్న పీఠం నేలతేమను సోకనీయదు. పైన మాత్రమే కప్పు వేయాలి. చుట్టూ కప్పితే తేమ నిలిచి బూజు పడుతుంది. తొట్టిలో పూర్వం విషరసాయనాలుండేవేమో ముందే విచారించుకోవాలి. ఇట్లు ఒకటి రెండేళ్ళు ఓర్పుతో ఆరబెట్టిన కట్టె తక్కువ పొగతో ఎక్కువ వెచ్చదనాన్నిస్తుంది.