కంప్యూటర్ నెట్‌వర్క్ భద్రత – స్టోర్ రూం తాళం నేర్పే పాఠం

నేడు కంప్యూటర్ లేని ఆఫీసు లేదు. ఒంటరిగా పనిచేసే కంప్యూటరూ దాదాపు లేదు. మేడ్చల్ హైవే పక్కన ఉన్న గోదాముల్లో సరుకు లెక్కలు, శామీర్‌పేట దాటాక తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో టీకాల పరిశోధనలు, బ్యాంకులో మన అమ్మానాన్నల పొదుపు సొమ్ము, ఈ-పాస్‌లో మన స్కాలర్‌షిప్ దరఖాస్తు – ఇవన్నీ నెట్‌వర్క్ మీదనే నడుస్తున్నాయి. ఒక సంస్థలోని కంప్యూటర్లు, సర్వర్లు, ప్రింటర్లు, కెమెరాలను కలిపి సక్రమంగా నడపడాన్ని నెట్‌వర్క్ నిర్వహణ అంటారు. వాటిని దొంగల బారి నుంచి కాపాడటం నెట్‌వర్క్ భద్రత. ఈ రెండూ వేర్వేరు పనులని చాలామంది అనుకుంటారు. కానీ నిర్వహణ సరిగా లేనిచోట ఎంత ఖరీదైన భద్రత కొన్నా నిలవదు. అది ఎలాగో చూద్దాం.

హాస్టల్‌ను చూసి అర్థం చేసుకుందాం

హాస్టల్‌కు ప్రహరీ గోడ, గేటు, గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటారు. నెట్‌వర్క్‌లో ఈ వాచ్‌మన్ పని చేసేది ఫైర్‌వాల్. ఇంటర్నెట్ నుంచి వచ్చే వాటిలో దేనిని లోపలికి పంపాలి, దేనిని ఆపాలి అనే నియమాలను దానికి ముందే రాసి ఇస్తారు. అయితే చుట్టంలా వచ్చి లోపల అడుగుపెట్టిన దొంగను వాచ్‌మన్ ఏం చేయగలడు? అందుకే గదులకు తలుపులు, ట్రంకు పెట్టెలకు తాళాలు, బియ్యం, నూనె ఉండే స్టోర్ రూంకు వేరే తాళం. వంటమనిషికి వంటగది తాళంచెవి ఇస్తారు గానీ ఆఫీసు బీరువా తాళంచెవి ఇవ్వరు. ఎంత సరుకు వచ్చింది, ఎంత వాడారు అనే లెక్క స్టాక్ రిజిస్టర్‌లో ఉంటుంది. నెట్‌వర్క్ భద్రత మొత్తం ఇంచుమించు ఇదే.

మహేశ్ బ్యాంకులో ఏం జరిగింది?

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్‌లోకి చొరబడి దొంగలు రూ.12.48 కోట్లు కాజేశారు. దర్యాప్తు వివరాలను అప్పటి హైదరాబాద్ పోలీసు కమిషనర్ సి.వి.ఆనంద్ ఆ ఏడాది మార్చి చివరలో విలేకరులకు వెల్లడించారు. 2021 నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు ఈ-మెయిళ్లు వచ్చాయి. వాటిని ఒకరిద్దరు తెరిచారు. దానితో కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే ప్రోగ్రామ్, కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ దొంగకు చేరవేసే ప్రోగ్రామ్ లోపలికి వచ్చి కూర్చున్నాయి.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఒక ఉద్యోగి కంప్యూటర్ దొరికితే బ్యాంకు మొత్తం ఎలా దొరుకుతుంది? పోలీసులు చెప్పిన కారణాలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది, ప్రధాన కార్యాలయం, శాఖల కంప్యూటర్లు విడివిడి భాగాలుగా లేక ఒకే నెట్‌వర్క్‌లో ఉండటం. అంటే గేటు దాటితే ఏ గదికీ తలుపు లేదన్నమాట. రెండవది, సర్వర్ మీద సర్వాధికారాలు ఉండే ‘సూపర్ యూజర్లు’ పదిమంది ఉండటం, వారిలో కొందరికి ఒకే పాస్‌వర్డ్ ఉండటం. స్టోర్ రూం తాళంచెవి పది చేతుల్లో ఉంటే సరుకు ఎవరు తీశారో ఎవరు చెప్పగలరు? కాజేసిన సొమ్మును వందలాది ఖాతాల్లోకి మళ్లించి, దేశవ్యాప్తంగా ఏటీఎంల నుంచి తీసుకున్నారు. సైబర్ భద్రతలో లోపాలకు రిజర్వు బ్యాంకు 2023లో ఈ బ్యాంకుపై రూ.65 లక్షల జరిమానా విధించింది.

మన పొరుగున

ఇది బ్యాంకులకే పరిమితం కాదు. 2020 అక్టోబరు 22న డాక్టర్ రెడ్డీస్ సంస్థ సైబర్ దాడిని గుర్తించి, తన డేటా సెంటర్ల సేవలన్నిటినీ వేరుచేసింది. అది ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే ర్యాన్‌సమ్‌వేర్ దాడి అని తర్వాత తెలిపింది. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ ఐటీ వ్యవస్థపై చైనా హ్యాకర్ల బృందం గురిపెట్టిందని సైఫర్మా అనే భద్రతా సంస్థ చెప్పినట్లు 2021 మార్చిలో రాయిటర్స్ వార్త వచ్చింది. మన ఊరి పక్క రోడ్డు మీద ఉన్న ప్రయోగశాల మీద దేశం బయటివారి కన్ను పడిందంటే ఈ పని ఎంత ముఖ్యమో ఊహించవచ్చు.

నెట్‌వర్క్ నిర్వాహకుడి ఐదు పనులు

1. జాబితా: ఏ కంప్యూటర్ ఎక్కడ ఉంది, అందులో ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎవరు వాడుతున్నారు – అన్నీ రాసి ఉండాలి. ఉన్నట్టే తెలియని దానిని ఎవరూ కాపాడలేరు.

2. విభజన: ఆఫీసు, ఫ్యాక్టరీ యంత్రాలు, కెమెరాలు, అతిథుల వైఫై – వీటిని వేర్వేరు భాగాలుగా ఉంచాలి. ఒకే స్విచ్‌పై కూడా ‘వి-ల్యాన్’ పద్ధతిలో ఇలా విడదీయవచ్చు. ఒక భాగం నుంచి మరో భాగానికి అవసరమైనంత దారి మాత్రమే వదలాలి.

3. అధికారాలు: ఎవరి పనికి ఎంత కావాలో అంతే ఇవ్వాలి. ఉద్యోగి మానేసిన రోజునే అతని ఖాతా మూసివేయాలి. అడ్మిన్ ఖాతాకు పాస్‌వర్డ్‌తోపాటు రెండో ధ్రువీకరణ కూడా ఉండాలి.

4. మరమ్మతు, బ్యాకప్: 2017 మే 12న ప్రపంచాన్ని కుదిపిన వనాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. ముఖ్యమైన డేటాకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. బ్యాకప్ నుంచి ఫైళ్లు నిజంగా తిరిగి వస్తున్నాయో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

5. రిజిస్టర్: ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో తెలిపే నమోదులను ‘లాగ్’లు అంటారు. వీటిని 180 రోజులు భద్రపరచాలనీ, దాడి జరిగిందని తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలనీ కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. మహేశ్ బ్యాంకులో మెయిల్ వచ్చిన నాటికీ సొమ్ము పోయిన నాటికీ మధ్య సుమారు రెండు నెలల వ్యవధి ఉంది. దొంగను ముందే పట్టుకోవాలంటే ఈ రిజిస్టర్‌ను రోజూ చూసే మనిషి ఉండాలి.

మన వంతు

తమ్ముళ్లూ, మనకు సర్వర్లు లేకపోవచ్చు. కానీ ఆధార్, బ్యాంకు ఖాతా, ఈ-పాస్ వివరాలు ఉన్నాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం నెట్ సెంటర్‌కు వెళ్లినప్పుడు ఓటీపీని ఎక్కడ, ఎందుకు కొడుతున్నారో చూసిన తర్వాతే చెప్పాలి. పాస్‌వర్డ్‌ను అక్కడి నోట్‌బుక్‌లో రాసి రాకూడదు. పని అయ్యాక లాగౌట్ చేసి, డౌన్‌లోడ్ చేసిన కాగితాలను తొలగించాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ‘కమీషన్ ఇస్తాం, నీ ఖాతా వాడుకోనివ్వు’ అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకూడదు. దొంగసొమ్ము చేతులు మారేది అలాంటి ఖాతాల ద్వారానే. చివరకు పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆ ఖాతాదారు ఇంటికే.

ఈ రంగంలో ఉద్యోగం కావాలనుకునేవారు స్విచ్‌లు, రూటర్లు కొననక్కరలేదు. సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో నెట్‌వర్క్‌ను గీసి, వి-ల్యాన్‌లుగా విడదీసి, నడిపి చూడవచ్చు. స్వయం, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా వినవచ్చు. డిగ్రీ ల్యాబ్‌లో ఖాళీ దొరికిన గంటను దీనికి కేటాయించండి. మేడ్చల్, శామీర్‌పేట కంపెనీల గేట్ల ముందు నుంచి బస్సులో వెళ్తూ చూసే మనం, రేపు ఆ గేట్ల లోపల తాళంచెవులు పట్టుకునే నమ్మకస్తులం కావాలి.