చిగురు లోతెంతో కాగితం మీద ఉందా?

పొద్దు వాలాక మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల ముందు క్యాబ్‌లు బారులు తీరతాయి. వాటిలోంచి దిగేవాళ్లలో కొందరి పని అమెరికా వాళ్ల పంటి బిల్లులు చూడటం. అక్కడి డెంటిస్టు రాసింది చదివి ఇక్కడ కోడ్ వేస్తారు. మామూలు క్లీనింగ్‌కి డి1110. చిగురు లోపల, పంటి వేరు దాకా గార గీకితే వేరే కోడ్లు: నోటిలో ఒక పావు భాగంలో నాలుగు పళ్లు, ఆపైన అయితే డి4341, ఒకటి నుంచి మూడు పళ్లకైతే డి4342.

కోడ్ వేసినంత మాత్రాన డబ్బు రాలదు. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు లోతు (పంటికీ చిగురుకీ మధ్య సందు ఎంత లోతో) కొలిచిన చార్టేదీ, ఎముక అరిగినట్టు చూపే ఎక్స్‌రే ఏదీ అని ఇన్సూరెన్సు కంపెనీ అడుగుతుంది. ఆరోగ్యమైన చిగురు లోతు మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. 6కు చేరి, ఎముక కూడా బాగా కరిగిందంటే జబ్బు ముదిరినట్టే. అమెరికా, ఐరోపా చిగుళ్ల నిపుణుల సంఘాలు 2018లో ప్రచురించిన వర్గీకరణ ప్రకారం అది మూడో దశ. ఆ జబ్బుతోనే ఐదు పళ్లు ఊడిపోయాయంటే నాలుగోది.

రాత్రంతా ఇంత నిక్కచ్చిగా కాగితాలు చూసే ఉద్యోగి, శనివారం తన చిగుళ్లలో రక్తం కారుతోందని క్లినిక్‌కి వెళ్తే మాత్రం ‘డీప్ క్లీనింగ్, ఫ్లాప్ సర్జరీ’ అన్న ఒక్క లైను బిల్లుకి నోరెత్తకుండా కార్డు గీకేస్తాడు!

అమెరికా కోడ్లు మనకు అక్కర్లేదు. ఆ కొలతలు మాత్రం కావాలి. దంతవైద్యుల నైతిక నియమావళి, 2014 ప్రకారం చికిత్స రికార్డులను కనీసం మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కొలతల కాపీ చికిత్సకు ముందే అడిగి తీసుకోవడం మేలు. గార తీశాక వాపు తగ్గి చిగురు లోతు మారిపోతుంది. అప్పుడు మొదట ఎంత ఉండేదో రెండో డాక్టరు కూడా చెప్పలేడు.

చిగురు కోసి చేసే ఫ్లాప్ సర్జరీ మాటకొస్తే, సమీరా కోహ్లీ కేసు గుర్తుంచుకోవాలి. లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్న మహిళకు మత్తులో ఉండగానే గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకిచ్చిన అనుమతి చికిత్సకు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. ప్రాణమో ఆరోగ్యమో కాపాడటానికి ఆలస్యం చేయకూడని స్థితి ఉంటేనే మినహాయింపు. క్లీనింగ్‌కని కుర్చీలో కూర్చున్నవారి చిగురు కోయాలన్నా, ముందు ఆపి, విడిగా చెప్పి, ఒప్పించాల్సిందే.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని వి.పి.శాంత కేసులో 1995లోనే తేలిపోయింది. 2019 చట్టం వచ్చాక ఇంకో వెసులుబాటు: క్లినిక్ విజయవాడలో ఉన్నా, మాదాపూర్‌లో ఉండేవారు రంగారెడ్డి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందుగా సలహా కావాలంటే 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇన్సూరెన్సు సంగతి వేరు. పంటి ఓపీడీ ఖర్చు చాలా పాలసీల్లో ఉండదు, ముందు అది చూసుకోవాలి. ఉండి కూడా క్లెయిమ్ కొట్టేస్తే మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు. ఆఫీసు ఇచ్చిన గ్రూపు పాలసీకీ ఇది వర్తిస్తుంది.

కోడ్లు వేసేవారికి విడిగా ఒక మాట. చార్టులో లోతు 3 దాటకపోయినా డి4341 వేయమని టీమ్ లీడ్ అంటే, నోటిమాటకు తలూపకుండా ‘ఆధారం పంపండి’ అని ఆఫీసు మెయిల్‌లోనే అడగాలి. అమెరికా ప్రభుత్వ సొమ్ముతో చెల్లించే క్లెయిమ్ అయితే, తెలిసి వేసిన తప్పుడు బిల్లుకు అక్కడి ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కింద నష్టానికి మూడింతలు, ఆపై జరిమానా కూడా పడుతుంది. అలాగని సాక్ష్యం కోసం రోగి చార్టును సొంత ఫోన్‌తో ఫొటో తీయకూడదు. ఆ పని చేస్తే రోగి గోప్యతను ఉల్లంఘించిన నేరం ఫొటో తీసినవారి మెడకే చుట్టుకుంటుంది.