రెండో బాణం



మిత్రులారా, మహమ్మద్‌నగర్‌లో ఒక చెల్లె అడిగిన ప్రశ్నకే ఈ పాఠం రాస్తున్నాను. “అన్నా, దీక్ష తీసుకున్నంక బోనాలకు చుట్టాలు పిలుస్తలేరు. మా ఆయన దుబాయ్‌ల ఉన్నడు. రాత్రయితే మనసు ఆగమాగమైతది. కండ్లు మూసుకొని కూసుంటే శాంతొస్తదా?” ధ్యానం చెయ్యమ్మా అనబోయి ఆగిపోయాను. చుట్టాలు తలుపు మూస్తే ఆమె కండ్లు మూసుకోవాలా?

ఒంటరితనం మన బాబాసాహెబ్‌కు తెలుసు. 1917లో విదేశీ చదువుల నుంచి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఉండటానికి చోటు దొరకక, పార్సీ పేరుతో పార్సీల సత్రంలో దిగారు. మేడ మీద పాత సామాన్లు నిండిన చీకటి హాలు, ఒక చిన్న లాంతరు, గబ్బిలాలు. మాట్లాడే మనిషి లేడు. మరిచిపోదామని పుస్తకం తెరిస్తే గబ్బిలాల చప్పుడు మళ్లీ గుర్తు చేసేది. పదకొండో రోజు కర్రలతో గుంపు వచ్చి పొమ్మంది. రాత్రి తొమ్మిది గంటల బొంబాయి రైలు దాకా కామాఠీబాగ్ తోటలో ఐదు గంటలు కూర్చున్నారు. అమ్మానాన్నలు గుర్తొచ్చారు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా ఆ రోజు తలచుకుంటే కన్నీళ్లు ఆగవని ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో తానే రాసుకున్నారు. ఏడ్చినోళ్లను బలహీనులంటాం మనం. నేనూ అన్నాను ఒకప్పుడు, ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

సంయుత్త నికాయలో సల్ల సుత్తం ఉంది. సల్ల అంటే బాణం. దెబ్బ తగిలినప్పుడు శిక్షణ లేని మనిషి రెండు బాణాల నొప్పి పడతాడు, ఒకటి ఒంటికి, ఒకటి మనసుకు. శిక్షణ పొందినవాడికి ఒక్కటే. చుట్టాలు పిలవకపోవడం మొదటి బాణం. “నాకెవరూ లేరు, నేను దేనికీ పనికిరాను” అని తెల్లార్లూ తవ్వుకోవడం రెండోది. ధ్యానం పనిచేసేది ఈ రెండోదాని మీద.

మొదటిదానికి మందు వేరే. పిలుపు మానేసిన చుట్టాలతో ఓపిగ్గా మాట్లాడాలి. కానీ కులం పేరుతో ఊరు కట్టుబాటు చేసి వెలివేస్తే అది నేరం. 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా చేరింది. బౌద్ధం తీసుకున్నా ఎస్సీ హోదా పోదని 1990లోనే చట్టం అయింది, కాబట్టి ఆ రక్షణ మనకూ ఉంది. ఫిర్యాదు రాయొద్దు, శ్వాస గమనించుకో అనే గురువు దగ్గరికి పోకండి.

ఇక రెండో బాణం. నిటారుగా కూర్చోండి. శ్వాసను ఆపొద్దు, మార్చొద్దు. లోపలికి పోతున్నది, బయటికి వస్తున్నది, అంతే. కోపం వస్తే “ఇది కోపం”, భయమైతే “ఇది భయం” అని గుర్తుపట్టండి. సతిపట్ఠానంలో చిత్తానుపస్సన అంటే ఇదే. మొదటి వారం కుదరదు, ముందే చెప్తున్నా. పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు మనసు బోనాల దగ్గరే తిరుగుతది. ఆ ఒక్క నిమిషం మీది.

రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, చావు ఆలోచనలు వస్తున్నా ధ్యానంతో సరిపెట్టొద్దు. 14416కు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, పైసా ఖర్చు లేదు. డాక్టర్‌కు చూపించుకోవడం ధమ్మానికి తప్పు కాదు.

కల్యాణమిత్రులు ధమ్మ జీవనంలో సగం అని ఆనందుడు అంటే, సగం కాదు మొత్తం అదే అన్నాడు బుద్ధుడు. ఆ చెల్లెకు నేను చెప్పింది శ్వాస గురించి మాత్రమే. పోయిన ఆదివారం వాడకట్టు ఆడోళ్లు నలుగురు వందనకు ఆమె ఇంట్లోనే కూడారు. దుబాయ్ నుంచి ఆయన కూడా ఫోన్‌లో త్రిశరణం చెప్పాడు. నడుమ రెండుసార్లు సిగ్నల్ పోయింది. మళ్లీ కలిపి, మొదటి నుంచి చెప్పుకున్నారు.