లఘుచిత్రమునకు గ్రాంటు: కప్పగల్లు పోషకులకు ఒక పాఠము

"మీ పిల్లవాడు సినిమా తీయుదునని చెప్పినచో ఏమందురు?" అని గడచిన పోషకుల సమావేశమున మేము అడిగితిమి. ఒక తండ్రి తడుముకొనక, "పొలము అమ్ముకొమ్మని అర్థమా అయ్యవారూ?" అనెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి గాని, ఇంటికి వచ్చిన పిదప ఆ మాట మమ్ము విడువలేదు. సొంత సొమ్ము, అప్పు, నిర్మాత అను మూడు దారులే గాక చిత్రము తీయుటకు నాలుగవది యొకటి కలదు. అది గ్రాంటు. పాఠశాలల విషయమున ఈ మాట మనకు క్రొత్తది కాదు. చిత్రముల విషయమున అది యెట్లు పనిచేయునో ఇచ్చట వివరింపదలచితిమి.

ఇందులకు పెద్ద ఉదాహరణము వంగదేశమున కలదు. సత్యజిత్ రాయ్ కలకత్తాలో ఒక ప్రకటనల కంపెనీయందు చిత్రకారుడుగా నుండి, 1952 అక్టోబరులో 'పథేర్ పాంచాలి' చిత్రీకరణ ప్రారంభించెను. ఉద్యోగము మానలేదు గనుక సెలవు దినములలోనే పని జరిగెడిది. జీవితబీమా పాలసీ పోయినది, గ్రామఫోను రికార్డులు అమ్ముడైనవి, భార్య నగలు కుదువకు చేరినవి. అయినను సొమ్ము చాలక పని చాలకాలము నిలిచిపోయెను. తుదకు బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా నున్న పశ్చిమవంగ ప్రభుత్వము విడతలుగా ధనమిచ్చెను. చిత్రము పేరులో 'పథము' ఉన్నందున ఆ సొమ్ము రోడ్ల అభివృద్ధి పద్దున చేరినదని ప్రసిద్ధి. కచేరీ కాగితములు ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము కాదు!

ఇచ్చట గమనింపదగినది సొమ్ము మొత్తము కాదు, కాలము. ఆ ఆలస్యములో బాలనటుని గొంతు మారియుండవచ్చును, బాలిక ఎదిగిపోయి యుండవచ్చును, ఎనుబదేండ్ల ముసలమ్మ పాత్రధారిణి చనిపోయి యుండవచ్చును. ఏదియు జరుగలేదు. అది అదృష్టము. అదృష్టముపై ఆధారపడకుండ, ఆడవలసిన నాటికే ఆడించుటకు గ్రాంటు అక్కరకు వచ్చును. 1955లో విడుదలయిన ఆ చిత్రము మరుసటి యేట కాన్ చిత్రోత్సవమున బహుమానము పొందెను. చిత్రముపై హక్కు ధనమిచ్చిన ప్రభుత్వమునకే చెందినది. కావున ఒప్పందము చదువకుండ సంతకము చేయరాదని మా సలహా.

తరువాత 1960లో కేంద్రప్రభుత్వము ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషనును స్థాపించెను. అది 1980లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసినది. మన తెలుగున కె.ఎన్.టి. శాస్త్రిగారి 'తిలాదానం' ఆ సంస్థ నిర్మించినదే. 2001 సంవత్సరపు జాతీయ పురస్కారములలో దర్శకుని ఉత్తమ తొలిచిత్రముగా అది ఎన్నికయినది. ఇవి పెద్ద చిత్రములు. పిల్లలు తీయదగినది పది, పదునైదు నిమిషముల లఘుచిత్రము.

దేనిని గూర్చి తీయవలెను? మన గుట్టను చూడుడు. హిరేగుడ్డపై నల్లని డోలరైటు బండలమీద మూపురముల ఎద్దులను, మనుష్యులను చెక్కినవారు నవీన శిలాయుగపు పశుపాలకులు. 1892లో ఫాసెట్ అను ఆంగ్లేయుడు వీనిని గూర్చి వ్రాసెను. పిదప నూరేండ్లకు పైగా లోకము వీనిని దాదాపు మరచినది. నికోల్ బాయ్విన్ అను పరిశోధకురాలు ఈ శతాబ్ది ఆరంభమున మరల పరిశీలించి 2004లో ప్రకటించెను. ఆ బండలలో కొన్ని రాతితో తట్టిన గంటవలె మ్రోగును. తట్టి తట్టి పడిన గుంటలు నేటికిని కనబడును. రాళ్లక్వారీల వలన గుట్టకు ముప్పున్నదని ఆ వ్యాసముననే హెచ్చరించిరి. రాయి పగిలిన పిదప ఆ నాదమును ఏ గ్రాంటు తిరిగి తేగలదు?

కెమెరా సెల్‌ఫోనులోనే యున్నది గదా, సొమ్మెందులకని మీరడుగవచ్చును. నాదమును సెల్‌ఫోను సరిగా పట్టజాలదు. మంచి మైకు, శబ్దగ్రాహకుడు, లారీల రొద లేని తెల్లవారుజాములు నాలుగైదు, అనుమతులు, భోజనములు, ఎడిటింగు, ఇతరభాషలవారికి ఉపశీర్షికలు, ఇవి ఖర్చు. సాధారణముగా గ్రాంటు మొత్తము ఒక్కసారి చేతికి రాదు. ఒప్పందమునాడు కొంత, చిత్రీకరణ పిదప కొంత, లెక్కలు చూపిన పిదప మిగిలినది. రసీదులు దాచని దర్శకునికి చివరి విడత అందుట కష్టము. కిరాణా చీటీలు భద్రపరచు తల్లులు ఇందులో పిల్లలకు నిజమైన గురువులు.

మన సంకటము వేరొకటి. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు, మనము రెండు రాష్ట్రముల నడుమ గడపవంటి వారము. ప్రభుత్వ సబ్సిడీలు ఆయా రాష్ట్రభాషకు, ఆయా ప్రాంతమునకు ముడిపడియుండుట సహజము. తెలుగున తీయు కప్పగల్లు పిల్లవాడు ఇటును అటును కాకపోవచ్చును. కాని భాషనుబట్టి త్రోసివేయని సంస్థలును కలవు. బెంగుళూరునందలి ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుండి కళాకారులకు, పరిశోధకులకు గ్రాంటులిచ్చుచున్నది. దరఖాస్తును ఏ భారతీయ భాషయందైనను వ్రాయవచ్చును. అనగా తెలుగు వ్యాసరచన గంటలో మేము దిద్దుచున్నది దరఖాస్తు పనికే అక్కరకు వచ్చును. ఏమి తీయుదువు, ఎందులకు, ఎవరితో, ఎంత ఖర్చుతో అను నాలుగు ప్రశ్నలకు సూటిగా జవాబు వ్రాయుటయే అందు ముఖ్యము. ఇంగ్లీషున తడబడుచు వ్రాసినదానికంటె తల్లిభాషలో తేటగా వ్రాసినది మేలని మేము గట్టిగా నమ్మెదము.

ఈ యేడు తొమ్మిదవ తరగతికి 'మన గుట్ట' అను విషయమిచ్చి, ఈ నాలుగు ప్రశ్నలకే జవాబు వ్రాయుమంటిమి. ఒక బాలిక వ్రాసినది: తాత చిన్ననాట మేకలు కాయుచు ఆ బండను తట్టెడివాడట, మేకలు మేత మాని తలలెత్తి చూచెడివట, తాతకు ఇప్పుడు చెవులు వినబడవట. ఖర్చుల పట్టికలో ఆమె "తాతకు ఆటో" అని మొదటి పద్దు వేసినది. ఆ కాగితమును గ్రంథాలయమున ఉంచితిమి. చూడగోరు పోషకులు శనివారము మధ్యాహ్నము రావచ్చును.