షుగర్ ఉన్నవారి రోజా: షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు

రమజాన్ ఉపవాసాల గురించి చెప్పే ఆయతుల్లోనే, అంటే సూరె బఖరా 184, 185 ఆయతుల్లోనే, వ్యాధిగ్రస్తులకూ ప్రయాణికులకూ మినహాయింపు ఉంది. రోజా పాటించమన్న ప్రభువే, ఆరోగ్యం సహకరించనివారు ఆ లెక్కను ఇతర దినాలలో పూర్తి చేసుకోవచ్చన్నాడు. తాను దాసులకు సౌలభ్యాన్నే కోరుతున్నాను గాని కష్టాన్ని కాదని కూడా అక్కడే తెలియజేశాడు. కాబట్టి రోగి రోజా వదలడం ధర్మం నుంచి తప్పించుకోవడం కాదు. అదీ ధర్మంలో భాగమే.

ఈ మాట నొక్కి చెప్పవలసిన అవసరం ఏమిటంటే, నేడు పులివెందుల, వేంపల్లె, ఇడుపులపాయ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో షుగర్ మాత్రలు వాడే పెద్దవారు లేని ఇల్లు అరుదైపోయింది. భారతదేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు ఈ వ్యాధి ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. వీరిలో రోజా పాటించే ముస్లింలు కొందరు డాక్టరుకు చెప్పరు, ఇంట్లోవారికీ చెప్పరు. పగటి మాత్రను తమంతట తామే మానేస్తారు, లేదా రెండు పూటల మాత్రలు సహెరీలో ఒకేసారి వేసుకుంటారు. రెండూ ప్రమాదమే.

ఇంకొకవైపు, రోజా ఉంటే షుగర్ దానంతటదే పోతుందని చెప్పే సందేశాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. జపాను శాస్త్రవేత్త ఒకాయన ఉపవాసం గొప్పతనాన్ని నిరూపించి నోబెల్ బహుమతి పొందాడని వాటిలో రాస్తారు. యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజమే. కాని ఆయన పరిశోధించింది ఈస్టు కణాలు తమలోని పాత పదార్థాలను తామే కరిగించుకునే విధానాన్ని. షుగర్ రోగుల రోజాను కాదు. ఈ రోజుల్లో బరువు తగ్గడానికి రోజుకు పదహారు గంటలు తినకుండా ఉండే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది. కొందరికి దానివల్ల బరువు, షుగర్ తగ్గుతున్నాయి కూడా. అయితే అందులో మంచినీళ్లు తాగవచ్చు, వేళలు మార్చుకోవచ్చు, ఒకరోజు మానుకోవచ్చు. రోజా అలాంటిది కాదు, అది ఆరాధన. దాని ఉద్దేశం తఖ్వా అని 183వ ఆయతు స్పష్టం చేసింది. ఆరాధనకు విలువ తేవడానికి మనకు నోబెల్ బహుమతి అక్కరలేదు.

శరీరంలో జరిగేదేమిటో తెలుసుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. తిన్న ఆహారం నుంచి వచ్చిన చక్కెరలో కొంత భాగాన్ని కాలేయం దాచుకుంటుంది. తినని గంటల్లో దాన్ని కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యవంతునిలో రక్తంలోని చక్కెర తగ్గేకొద్దీ ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. కాని గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు కడుపు ఖాళీగా ఉన్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. సూదితో తీసుకున్న ఇన్సులిన్‌కు మనం రోజాలో ఉన్నామని తెలియదు. అందువల్ల అసర్ వేళకు చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మొదలవుతాయి. పట్టించుకోకపోతే స్పృహ తప్పుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. మందు పూర్తిగా మానేసినవారికి దీనికి భిన్నంగా చక్కెర పెరిగిపోయి, శరీరంలో నీరు తగ్గిపోతుంది. 2001లో 13 దేశాల్లో 12 వేలకు పైగా ముస్లిం రోగులపై జరిగిన అధ్యయనంలో, రమజాన్‌లో తీవ్రంగా షుగర్ పడిపోవడం మొదటి రకం షుగర్ ఉన్నవారిలో సుమారు ఐదు రెట్లు, రెండవ రకంవారిలో ఏడున్నర రెట్లు పెరిగినట్లు తేలింది. రెండవ రకంవారిలో నూటికి 79 మంది కనీసం పదిహేను రోజాలు పాటించినవారే.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూ దావూద్‌లో ఉంది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. తర్వాత అతనికి గుస్ల్ అవసరమైంది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్లు దొరుకుతుండగా కుదరదని వారన్నారు. అతను స్నానం చేశాడు, చనిపోయాడు. ఈ వార్త విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు, అతని మరణానికి వారినే బాధ్యులను చేశారు, తెలియనప్పుడు అడగవలసిందని మందలించారు. పక్కింటి రోగిని చూసి “ఈమాత్రానికే రోజా వదులుతావా?” అని ఎత్తిపొడిచేవారూ, మస్జిద్‌లో కూర్చుని వైద్యం చెప్పేవారూ ఈ హదీసును మళ్లీ మళ్లీ చదవాలి. ఆలిములమైన మేము కూడా వైద్యుని మాట వినకుండా “ఫరవాలేదు, ఉండు” అనడానికి వీల్లేదు. నిపుణుడు, నమ్మదగినవాడు అయిన వైద్యుడు ప్రమాదమని చెప్పినా, తన గత అనుభవం బలంగా అలాగే సూచించినా రోజా వదలవచ్చని ఫుఖహా ఎప్పుడో రాసి ఉంచారు.

అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 2009లో షార్జా సమావేశంలో దీనిపై ప్రత్యేకంగా తీర్మానం చేసింది. రోగులను నాలుగు శ్రేణులుగా విభజించి, తీవ్ర ప్రమాదం ఉన్న మొదటి రెండు శ్రేణులవారు రోజా మానడం తప్పనిసరి అన్నది. ఇటీవలి నెలల్లో షుగర్ బాగా పడిపోయి స్పృహ తప్పినవారు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారు, అదుపులో లేని మొదటి రకం షుగర్ ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకునే గర్భవతులు వంటివారికి వైద్యులు చెప్పేదీ ఇదే. ఆహార నియమంతోనో, మెట్‌ఫార్మిన్ ఒక్కదానితోనో షుగర్ అదుపులో ఉన్నవారి సంగతి వేరు. ఇతర జబ్బులేవీ లేకపోతే, షుగర్ అనే పేరు చాటున వారు రోజా వదలకూడదు.

వేలికి సూది గుచ్చి రక్తం పరీక్షించుకుంటే రోజా పోతుందనే భయం ఇంకా పోలేదు. పోదు. ఇన్సులిన్ సూదితోనూ పోదు. పోషణ కోసం ఎక్కించే ద్రవాలు మినహా ఇంజెక్షన్లతో రోజా భంగం కాదని ఫిఖ్ అకాడమీ 1997లో తీర్మానించింది. అంతకుముందే ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ కూడా ఇంజెక్షన్ విషయంలో ఇదే రాశారు. కాబట్టి పగలు రెండు మూడుసార్లు, ముఖ్యంగా జుహర్ తర్వాత, పరీక్షించుకోవాలి. 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలి. మగ్రిబ్‌కు పావుగంటే ఉంది కదా అని ఆగకూడదు. ఇలా విరమించిన రోజాకు బదులు ఒక్క ఖజా చాలు, కఫ్ఫారా లేదు.

డాక్టరును కలవడానికి షాబాన్ చివరిదాకా ఆగవద్దు. రజబ్‌లోనే వెళ్లాలి. సాధారణంగా ఉదయపు మోతాదు ఇఫ్తార్‌కు మారుతుంది, సహెరీ మోతాదు తగ్గుతుంది. ఎంతన్నది ఆయనే నిర్ణయించాలి. సహెరీని ఆలస్యంగా చేయడం సున్నత్. షుగర్ ఉన్నవారికి అందులో మేలు కూడా ఉంది. రాగి సంగటి, జొన్న రొట్టె, పప్పు, గుడ్డు నిదానంగా అరుగుతాయి. ఇఫ్తార్‌కు ఒక ఖర్జూరం, నీళ్లు, కొంచెం గంజి చాలు. పులివెందుల చీనీలకు పెట్టింది పేరు. కాని రసం తీసి గ్లాసులకు గ్లాసులు తాగితే పగలంతా ఓర్చుకున్నది పావుగంటలో పోతుంది (ఉర్దూలో చీనీ అంటేనే చక్కెర కదా!). కాయ వలుచుకుని కొన్ని తొనలు తినవచ్చేమో వైద్యుణ్ణి అడగండి. తరావీహ్ నమాజును ఆ రోజు వ్యాయామంలో లెక్కవేసుకోండి.

ఇక వదిలిన రోజాల సంగతి. ఇక్కడ తొందరపడి ఫిద్యా ఇచ్చి చేతులు దులుపుకునేవారు చాలామంది. ఫిద్యా కోలుకునే ఆశ లేనివారికే. మన కడప ప్రాంతంలో వేసవి రోజా సుమారు 14 గంటలైతే, డిసెంబరులో పన్నెండున్నర గంటలే, పైగా ఎండ ఉండదు. వేసవిలో ఉండలేనివారు చలికాలంలో, ఒక్కొక్కటిగా విడివిడిగానైనా ఉండగలిగితే, వారిపై ఉన్నది ఖజానే. కువైట్‌లో పనిచేసే మన సోదరులకు నడివేసవిలో రోజా పదిహేను గంటలు దాటుతుంది. వారు సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఖజా పూర్తి చేసుకోవచ్చు. ఏ కాలంలోనూ ఉండలేనివారు హనఫీ ఫిఖ్ ప్రకారం ఒక్కో రోజాకు ఒక నిరుపేదకు రెండు పూటలా కడుపునిండా భోజనం పెట్టాలి, లేదా అర సాఅ గోధుమలు, అంటే సుమారు 1 కిలో 633 గ్రాములు గాని, దాని వెల గాని ఇవ్వాలి. రమజాన్ మొదలయ్యాక నెలంతటిదీ ఒకేసారి ఇవ్వవచ్చు, ముందే ఇస్తే చెల్లదు. ఇచ్చిన తర్వాత అల్లాహ్ శక్తి ప్రసాదిస్తే ఆ ఇచ్చింది సదఖా అవుతుంది, రోజాలు మాత్రం ఖజా చేయాలి.